ఆయకట్టు చివరి రోగి

1990ల దశకమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు డెన్నిస్ పెరాన్ అను నాతడు ఎయిడ్స్ రోగుల కొరకు గంజాయి క్లబ్బు నొకదానిని నడిపెననియు, అన్నము సయింపనివారును నొప్పుల కోర్వలేనివారును అచ్చట నలుగురితో గూడి దమ్ములాగి యుపశమనము పొందెడివారనియు, 1996లో కాలిఫోర్నియా ప్రజలే ఓటు వేసి యా వైద్యమునకు చట్టబద్ధత గల్పించిరనియు వినినది మొదలు, కర్నూలు కడపలకు గూడ నట్టి సంఘ మొకటి యుండవలెనని మా మిత్రు లొకరు తహతహలాడుచున్నారు. వారికి రోగ మేదియు లేదు. నా మొదటి శంక యదియే.

సభ్యత్వ పుస్తకము లేని క్లబ్బు మనకు మునుపే కలదు. శివరాత్రికి శ్రీశైలమున ఏ చెట్టునీడకు బోయినను, బైరాగి చిలుము మొదట తడిగుడ్డ చుట్టి, దోసిట నిమిడించి, కన్నులు మూసి గట్టిదమ్ము లాగి ప్రక్కవాని కందించును. నీ రోగమేమని యెవ్వరు నడుగరు. అడుగునది 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము. పూతకొనలు గంజాయి, కొనలు చేరని యాకు గంజాయి కాదని విభజించిన యా చట్టము, జాతీఫలాది చూర్ణమున ఆకును మందుగా సహించుచు, ఇరువది కిలోలకు మించిన కొనలతో పట్టుబడినవానికి పదేండ్లకు తక్కువ గాని కఠినశిక్ష విధించును. క్యాన్సరు నొప్పికి మార్ఫిను సులభముగా నందుటకే యా చట్టమును 2014లో సవరింపవలసి వచ్చినది.

జర్మనీలో 2024 నుండి సంఘమే పంట పండించి, ఐదువందలకు మించని సభ్యులకు నెలకు 50 గ్రాముల వరకు పంచవచ్చునట. సంఘపు గడపలో మాత్రము కాల్చరాదట! అయినను అది ఆరోగ్యవంతుల సంఘము. రోగి వైద్యుని చీటితో మందులషాపునకు బోవును. ఈ భేదము మిత్రునకు రుచింపలేదు. మన సీమలో రోగుల సంఘము వెలసిన మరునాటికి నరముల నొప్పి లేని కాంట్రాక్టరు మిగులునా? ప్రధానకార్యాలయము కర్నూలుననా కడపలోనా యను వ్యాజ్యము తేలుటకు కోస్తా, సీమ నాయకులు 1937లో వ్రాసికొన్న శ్రీబాగ్ ఒడంబడిక వంటిది మరియొకటి వ్రాసికొనవలసినదే.

“పంటకు నీళ్లెక్కడివి?” అంటిని.

“నీళ్లకేముంది సామీ! కె.సి. కాలువ లేదా?” అనిరి.

కలదు. సుంకేసుల వద్ద బయలుదేరిన యా కర్నూలు-కడప కాలువ కడప చేరులోపల, ఎగువవారి మడులు తడిసి, మోటార్లు తనివిదీర త్రాగి, పలుకుబడి గలవారి తూములు తెరచుకొని, చివరి యాయకట్టు రైతునకు దక్కునది వంతుల కాగితమే. ఆ నీటితో పండిన గంజాయి మాత్రము అధ్యక్షుని, కార్యదర్శిని, వారి బావమరదులను దాటి నొప్పితో మూలుగు వానిదాక వచ్చునని మిత్రుని విశ్వాసము.

కార్యవర్గ మప్పుడే సిద్ధమైనది. అందు రోగి యొక్కడును లేడని నేననగా, వారు నొచ్చుకొని, వచ్చు సర్వసభ్య సమావేశమున, కోరము చాలిన పక్షమున, రోగుల కొక స్థానము ప్రత్యేకించు విషయము పరిశీలింతుమని సెలవిచ్చిరి.