పిల్లికి బిచ్చం

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి దగ్గర్లో పెంపుడు జంతువుల షాపు ఒకటుంది. అందులో ఒక గోడ పొడవునా గాజు తలుపుల ఫ్రీజర్లే. కొత్తగా వచ్చినవాళ్ళు ఐస్‌క్రీములనుకుని పిల్లల్ని అటు తీసుకెళ్తుంటారు. దగ్గరికెళ్ళి చూస్తే కోడి, టర్కీ, బాతు, కుందేలు, కౌజుపిట్ట. ఎముక, కార్జం, గుండెకాయతో సహా రుబ్బి, గడ్డకట్టించి, పైన జమీందారీ దర్పం ఉన్న పిల్లి ఫొటో వేసి అమ్ముతారు. చవకరకం కోడి ఖీమా పౌండు 6 డాలర్లు. కాస్త పేరున్నదైతే 11. కుందేలు 16. నా యాభై రెండేళ్ళ జీవితంలో నేను కుందేలు రుచి చూడలేదన్న సంగతి ఆ ఫ్రీజరు ముందు నిలబడినప్పుడే గుర్తొస్తుంది.

మా ఇంట్లో పిల్లులు రెండు. మా అమ్మాయి వాటిని షెల్టర్ నుంచి తెచ్చి, పచ్చి మాంసం అలవాటు చేసి, చదువుకోసం ఆస్టిన్ వెళ్ళిపోయింది. పోతూపోతూ ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించింది: ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏం పెడితే చస్తాయి. డబ్బు ఎవరు పెట్టాలన్నది మాత్రం రాయలేదు, అది అందరికీ తెలిసిందే గనక. మగదాని పేరు మిలో, ఆడదాని పేరు లూనా. తెనాలి నుంచి ఆరు నెలలుండి పోదామని వచ్చిన మా అమ్మ, సూట్‌కేసు తెరవకముందే వాటిని మల్లయ్య, లీనమ్మ చేసింది. ఇప్పుడవి ఆ పేర్లకే పలుకుతున్నాయి.

చవకలో మంచి పచ్చి మేత ఏదైనా దొరుకుతుందా అని నేను వెతకడం మొదలుపెట్టేసరికి మా ఆవిడ అడ్డం తగిలింది. "పిల్లికి బిచ్చం పెట్టనివాడు అని సామెత వినడమేగానీ, కట్టుకుంటానని అనుకోలేదండీ" అంది. అమ్మకి ఈ వాదనతో పనిలేదు. ఆమెకి తట్టిన ప్రశ్న వేరు.

"పచ్చిదా? ఉప్పూ కారం లేకుండానా?"

మా అమ్మ నాటుకోడి పులుసు పెడితే నాలుగిళ్ళ అవతలివాళ్ళు కూడా పళ్ళెం కడుక్కుని కూర్చునేవారు. అలాంటి మనిషి, తన ఎదురుగా నేను గులాబీ రంగు ముద్దని తూచి గిన్నెలో వేస్తుంటే చూసి తట్టుకోలేకపోయింది. "కనీసం అల్లం వెల్లుల్లి ఓ చెంచా తగిలించరా, నీచు వాసన పోద్ది" అంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషమనీ, ఎర్ర రక్తకణాలు దెబ్బతిని రక్తం తగ్గిపోతుందనీ చెప్పాను. వెల్లుల్లి గుండెకి మంచిదని మా డాక్టరు చెప్పాడంది. ఆ డాక్టరు చూసేది మనుషుల్నమ్మా అన్నాను. ఆ మాట ఆమె పెద్దగా లెక్కపెట్టలేదు.

"మన పెరట్లో పిల్లికి ఎవరు పెట్టారురా ఇవన్నీ? గాదె కింద ఎలకల్ని పట్టుకు తినేది, వాకిట్లో ఎండకి పడుకునేది."

నిజానికి ఈ ఫ్రీజరు శాస్త్రమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి టారిన్ అనే పదార్థం కావాలి, ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు. క్యారెట్‌లో ఉన్నదాన్ని విటమిన్ ఎ గా మార్చుకోలేదు. తీపి రుచి అసలు తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంవాళ్ళు తేల్చారు. ఇన్ని లోపాలున్న ప్రాణికి కావలసినవన్నీ ఒకేచోట కుదిరింది ఎలకలో. కండ, ఎముక, కార్జం, పేగు, తోలు అన్నీ సరైన పాళ్ళలో, ప్యాకింగ్ ఖర్చు లేకుండా. కంపెనీలవాళ్ళు కోడితోనూ కుందేలుతోనూ కుస్తీపట్టి తయారుచేస్తున్నది, లెక్కకి, ఎలకనే.

అమ్మ ఊరుకోలేదు. సాయంత్రం పార్కులో నడిచే తెలుగు అమ్మమ్మల దగ్గర కూపీ లాగి, దేశీ చికెన్ షాపులో కార్జం పౌండు 2 డాలర్లేనని పట్టుకొచ్చింది. కందనకాయలు కూడా చవకేనట. ఆరు డాలర్లు పోసి కొనేవాణ్ణి ఆమె చూసిన చూపుంది చూశారూ, పదో తరగతి లెక్కల మార్కులప్పుడు కూడా అలా చూడలేదు.

కానీ కార్జం ఒక్కటే పెడితే విటమిన్ ఎ ఎక్కువై పిల్లి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. కండ ఒక్కటే పెడితే కాల్షియం అందదు. తొడ మాంసంలో ఉన్నంత టారిన్ రొమ్ము ముక్కలో ఉండదు. తెలివిమీరిన కంపెనీలే ఇక్కడ బోల్తాపడ్డాయి. 1980ల్లో అమెరికాలో సంచుల్లో, డబ్బాల్లో వచ్చిన 'అన్నీ ఉన్న' తిండి తిని ఎన్నో పిల్లులు గుండె సాగిపోయి చనిపోయాయి. కారణం టారిన్ తగ్గడమని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యుడు పాల్ పియన్, ఆయన తోటివారు 1987లో బయటపెట్టారు. తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ జబ్బు తగ్గుముఖం పట్టింది. అంత పెద్ద కర్మాగారాలకే కుదరని పాకం నా వంటింట్లో కుదురుతుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే తయారుగా దొరికేది కొంటాను. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది.

ఇక చవక సంగతి. ఆరు డాలర్ల సంచీని తిరగేసి చూడండి. వెనకాల, కంటి డాక్టరు చివరి వరసలో పెట్టే సైజు అక్షరాల్లో, ఒక వాక్యం ఉంటుంది. అన్ని వయసుల పిల్లులకీ సంపూర్ణమైన, సమతుల్యమైన ఆహారం అని ఉంటే ఒక సంగతి. అప్పుడప్పుడు లేదా అదనంగా పెట్టడానికి మాత్రమే అని ఉంటే పూర్తిగా వేరే సంగతి. ఈ వాక్యానికి కొలమానాలు పెట్టేది ఆఫ్కో అనే సంఘం. వాళ్ళు ఏ సంచీనీ పరీక్షించరు, ఆమోదించరు. పద్దు రాసిపెడతారంతే. చవకరకాలు చాలావరకు ఎనభై పాళ్ళు కండ, పది ఎముక, పది కార్జంలాంటి అవయవాలు కలిపిన ఖీమా. వినడానికి ఎలకలాగే ఉంటుంది. విటమిన్ ఇ, మాంగనీసు, అయోడిన్ లాంటివి మాత్రం చాలవు. అవి విడిగా కొని కలిపితే ఆరు డాలర్లు ఆరు డాలర్లుగా ఉండవు. నేను మటుకు ఆ వెనక వాక్యం చదివాకే ముందువైపున్న ధర చూస్తాను. ఇందులో నాకు రెండో మాట లేదు.

ధరలో ఇంకో మాయ ఉంది. ఫ్రీజరు పక్క అరలో, గడ్డకట్టించి నీరు లాగేసిన పొడి ముక్కలు పౌండు 42 డాలర్లు. మొదటిసారి చూసినప్పుడు బంగారం షాపులోకి వచ్చానేమోనని వెనక్కి తిరిగి బోర్డు చదివాను. తీరా లెక్కేస్తే, పౌండు పొడి నీళ్ళు పోస్తే సుమారు మూడున్నర పౌండ్ల మాంసం అవుతుంది. అంటే పౌండు 12 డాలర్లు. 11 డాలర్ల ఫ్రీజరు సరుకుకి పెద్ద తేడా లేదు. మాంసంలో మూడింట రెండొంతులకి పైగా నీళ్ళే కదా. 42 చూసి పారిపోయినవాళ్ళూ, 6 చూసి ఎగబడ్డవాళ్ళూ ఇద్దరూ మోసపోయినట్టే.

పది పౌండ్ల పిల్లికి బరువులో మూడు శాతం వేసుకుంటే రోజుకి 5 ఔన్సులు. రెండింటికీ నెలకి దాదాపు 19 పౌండ్లు. ఆరు లెక్కన 114 డాలర్లు, పదకొండు లెక్కన 209, కుందేలు లెక్కన 304. ఇదంతా ఎక్సెల్‌లో వేసి చూపిస్తే అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "డాలర్లు నాకు తెలీవు. ఎలక్కి ఎంత పడిందో చెప్పు" అంది.

నవ్వకండి, నేను లెక్కేశాను. ఒక చిట్టెలకలో ఉండేది సుమారు 30 కేలరీలు. మల్లయ్యకి రోజుకి ఏడెనిమిది ఎలకలు కావాలి. చవక కోడిలో ఎలక పావు డాలరు, పేరున్న కోడిలో 46 సెంట్లు, కుందేల్లో 67 సెంట్లు. అమ్మకి ఒక్క క్షణంలో అర్థమైంది. "తెనాల్లో ఎలకలు ఊరికే వస్తాయి" అంది.

పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పచ్చి మేత మాట ఎత్తగానే ఆవిడ కలం పక్కన పెట్టింది. అమెరికా పశువైద్యుల సంఘం 2012 నుంచే దీన్ని వద్దంటోంది. సర్కారు ఆహార, ఔషధ శాఖవాళ్ళు ఆ రోజుల్లోనే 196 పచ్చి మేత నమూనాలు పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా కనిపించాయి. 2024 డిసెంబరులో ఆరెగాన్‌లో పచ్చి టర్కీ మేత తిన్న పిల్లి ఒకటి బర్డ్ ఫ్లూతో చచ్చిపోయింది. ఫ్రీజరులో పెడితే ఆ క్రిమి చావదు, నీరు లాగేసినా సాల్మొనెల్లా చావదు. "ఇంట్లో ముసలివాళ్ళున్నారా?" అని అడిగింది. ఉందన్నాను. "అయితే మరీ జాగ్రత్త" అంది. అందుకని విపరీతమైన ఒత్తిడి పెట్టి క్రిములను అణచిన సరుకే కొంటాను. అది కాస్త ఖరీదే. ఆ ముక్క సంచీ మీద లేకపోతే కోడి, టర్కీ ఎంత చవకైనా ముట్టను. వండిన డబ్బా తిండే మేలనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ మా అమ్మాయితో, ఆమె ఫోనెత్తదు.

శుభ్రం విషయంలో మాత్రం డాక్టరుకి మా అమ్మ గురించి తెలియదు. ఆమె ఇంట్లో నీచు వండే గిన్నెలు వేరు, కత్తిపీట వేరు, అవి తోమే పీచు కూడా వేరు. పిల్లుల గిన్నెలు అన్నం గిన్నెలతో కలిపి సింకులో పెట్టినందుకు నాకు పడిన తిట్లు ఏ సర్కారు శాఖా తిట్టలేదు.

ఇంత చదివి, ఇంత లెక్కేసి తెచ్చాక, తీర్పు చెప్పేది మల్లయ్య. ముద్ద ముందు కూర్చుంటాడు. ముక్కు ఒకసారి ఆనిస్తాడు. మూతి వెనక్కి లాగి, పక్కనున్న నేలని కుడి పంజాతో గీకుతాడు, మట్టి కప్పెడుతున్నట్టు. లిట్టరు డబ్బాలో పని ముగించాక చేసేదీ సరిగ్గా అదే. పౌండు 11 డాలర్ల సరుకు మీద అంతకంటే క్లుప్తమైన సమీక్ష నేనెక్కడా చదవలేదు. కుక్కైతే ఓ పూట మాడిస్తే దారికొస్తుందంటారు. పిల్లితో ఆ పంతం పనికిరాదు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే కార్జంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. అందుకే అతి చిన్న సంచీ కొనాలి, పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజులు నడపాలి. ఇంకో కిటుకు అమ్మే కనిపెట్టింది. ముద్దని కవరులో వేసి గోరువెచ్చని నీళ్ళలో పెట్టింది. "చద్దిది చద్దిగా పెడితే నువ్వు తింటావా?" అంది. అప్పుడే చచ్చిన ఎలక వెచ్చగా ఉంటుంది, ఫ్రిజ్‌లో ఉండదు కదా. మల్లయ్య గిన్నె నాకేశాడు. అమ్మ మీసం లేని లోటు తెలిసేలా నావైపు చూసి, తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ ఎత్తుకుంది. కాగే పాలు పెడితే జన్మలో పాల జోలికి పోలేదన్న ఆ కథ నాకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. ఎదిగిన పిల్లులకి చాలావాటికి పాలు అరగవు, రామకృష్ణుడు చేసింది మంచిపనే అన్నాను. "మా ఊరివాడు కాదూ మరి" అంది.

చవకకి చివరికి దొరికిన దారి లారీ. నెలకోసారి ఒక షాపింగ్ సెంటరు పార్కింగ్ లాట్‌లోకి ఫ్రీజరు లారీ వస్తుంది. ముందే ఆర్డరు ఇచ్చినవాళ్ళు పెట్టెలు దింపుకోవాలి. ఆ లెక్కన 11 డాలర్ల సరుకు 8కి దిగుతుంది. చిక్కల్లా పెట్టె 40 పౌండ్లు. మా ఫ్రీజరులో గోంగూర, ములక్కాడ ముక్కలు, కొబ్బరి తురుము, చింతచిగురు పోగా మిగిలిన జాగాలో ఒక మల్లయ్య కూడా పట్టడు.

జులై ఎండ, తారు కరుగుతోంది. లారీ పక్కన ఒకాయన ఫోనులో "కుందేలు ఒక్క పెట్టే ఉందంట, ఏం చేయమంటావ్?" అంటున్నాడు. తెలుగు చెవినపడగానే ఏసీ కారులోంచి అమ్మ దిగిపోయింది. "ఏ ఊరు నాయనా?" నరసరావుపేట దగ్గరట. ఆయనకి మూడు పిల్లులు, ఒక చిన్న ఫ్రీజరు. ఇంకో కారులో కరీంనగర్ అమ్మాయి. "నాక్కూడా జరంత ఇయ్యుండ్రి పెద్దమ్మా, మా దానికి కోడి అస్సలు పడది" అంది. నిమిషంలో బేరం కుదిరింది. టర్కీ ఒక పెట్టె, కోడి ఒక పెట్టె, ముగ్గురికీ వాటా. కుందేలు పెట్టె లారీవాడు విప్పి, ముగ్గురికీ కలిపి ఒక్క సంచీ ఇచ్చాడు.

అమ్మ మా కారు డిక్కీలో చాప పరిచి, ఊళ్ళో ఆదివారం వేటమాంసం పంచినట్టు, సంచులు మూడు పోగులేసింది. ఒక పోగు మీద కుందేలు పెట్టింది. నరసరావుపేట ఆయన్ని అటు తిరిగి నిలబడమంది. ఇంజనీరు, పాపం, చెప్పినట్టే లారీ వైపు తిరిగాడు.

"ఇది ఎవరిదయ్యా?"

"మావాడిదండీ."

"ఇది?"

"మల్లయ్యదండీ."

కుందేలున్న పోగు మల్లయ్యది. కరీంనగర్ అమ్మాయి మొహం వాడిపోయింది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి కుందేలు సంచీ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "మీ పిల్లికి కోడి పడదు కదమ్మా, తీసుకో. బదులుగా ఆ టర్కీవి రెండు ఇటు పెట్టు" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. పెద్దమ్మా, మీ మనసు పెద్దది అంటూ రెండు సంచులిచ్చింది.

కారు రోడ్డెక్కాక అమ్మ సీటుబెల్టు సర్దుకుంటూ అంది: "మల్లయ్యకి ఆ రుచి తెలిస్తే నీ జీతం చాలదురా నాయనా. కాస్త తొందరగా పోనీ, టర్కీ కరిగిపోద్ది."