పరిశీలించడమైనది, తిరస్కరించడమైనది

సర్కారు తెలుగులో నాకు ముచ్చటైన మాటలు రెండు: ‘పరిశీలించడమైనది’, ‘తిరస్కరించడమైనది’. ఎవరు పరిశీలించారో, ఎందుకు తిరస్కరించారో ఉండదు. పొద్దు గుంకినట్టు ఆ పని దానంతటదే అయిపోతుంది. హత్య కేసులో యావజ్జీవం పడి, 14 ఏళ్లు లోపల గడిపి, ముందస్తు విడుదల అడిగిన ఖైదీకి తరచూ దక్కే జవాబు ఇదే. మరీ దయ తలిస్తే ఒక ముక్క తగిలిస్తారు: నేరం ఘోరమైనది.

ఔను మరి, ఘోరం కాకపోతే యావజ్జీవం ఎందుకు పడుతుంది? ఈ 14 ఏళ్లలో అతని నెత్తి నెరిసింది, జైల్లో నేత నేర్చాడు, పెరోల్ మీద వెళ్లి చెప్పిన రోజుకే తిరిగొచ్చాడు. నేరం మాత్రం ఆనాడెంత ఘోరమో ఈనాడూ అంతే. మారనిదాన్ని పట్టుకుంటే మారినదేదీ చూడక్కర్లేదు కదా! మళ్లీ నేరం చేస్తాడా, ఇంకా లోపలుంచి సాధించేదేమిటి, ఇంటి పరిస్థితేమిటి చూడమని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. చూస్తున్నారు కాబోలు, కళ్లు మూసుకుని.

ఈ తిరస్కరణ మీద చట్టంలో అప్పీలంటూ లేదు, హైకోర్టులో రిట్ వేయాలి. లాయరు మొదటి ప్రశ్న: ‘‘ఎందుకు కాదన్నారమ్మా?’’ ‘‘అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాం సార్?’’ అంటుంది ఖైదీ భార్య. గెలిచినా సాధారణంగా చేతికొచ్చేది విడుదల కాదు, ‘మళ్లీ పరిశీలించండి’ అన్న ఆదేశం. ఫైలు బయల్దేరిన బల్ల మీదికే చేరుతుంది. కొత్త తేదీ, పాత వాక్యం. గానుగెద్దు తిరుగుడే నయం, సాయంత్రానికి నూనైనా దిగుతుంది.

2022లో ఛత్తీస్‌గఢ్ ఖైదీ ఒకరి కేసులో, విడుదలపై శిక్ష వేసిన కోర్టు జడ్జి ఇచ్చే అభిప్రాయానికైనా సరే తగిన కారణాలు ఉండాల్సిందేనంది సుప్రీంకోర్టు. 2025 ఫిబ్రవరిలో ఇంకాస్త గట్టిగా చెప్పింది: ముందస్తు విడుదలకు విధానం ఉన్న రాష్ట్రాలు దరఖాస్తు లేకున్నా అర్హుల సంగతి చూడాలి, కాదంటే క్లుప్తంగానైనా కారణం రాయాలి, అది ఖైదీకి అందాలి, సవాలు చేసుకునే హక్కుందనీ చెప్పాలి. ‘ఎందుకో చెప్పండి’ అన్న ముక్కకు ఇంత పెద్ద కోర్టు కావాల్సొచ్చింది.

మనవాళ్లకు కారణాలు రాయడం చేతకాదనుకునేరు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఖైదీకి శిక్ష తగ్గించే ఫైల్లో, ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని శుభ్రంగా రాశారు. గవర్నర్ ఉత్తర్వూ వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే సంగతి.

ఈ కథ ఎవరు చెప్పారో గానీ, ఆ భార్య మళ్లీ దరఖాస్తు రాయిస్తూ, ‘సత్ప్రవర్తన’ అన్న చోట ఆగింది. ‘‘ఇక్కడ ఏ పార్టీ పేరు రాయమంటారు సార్?’’ లాయరు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.