స్పేసు బావగారు

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు అడుగుతారు. మా బావగారు కొలతలు అడుగుతారు. చెప్పులు విప్పుతూనే గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి, గదిని ఈ మూల నుంచి ఆ మూలకి చూసి "పదీ పన్నెండు" అంటారు. జేబులోంచి టేపు తీసి కొలిచాక "కాదు, పదీ పదకొండున్నర. ఆ అరడుగూ మీ బీరువా మింగేసింది" అంటారు. ఇదంతా అయ్యాకే మా ఆవిణ్ణి, అంటే సొంత చెల్లెల్ని, బాగున్నావా అని పలకరిస్తారు.

ఉద్యోగం పేరు చెప్పి నేను అరకులోయలో రెండు గదుల వాటాలో కాపురం ఉంటున్నాను. ఆయన విశాఖలో మధురవాడ వైపు ఫ్లాటు కొన్నారు. కొనేదాకా మామూలు మనిషే. ఇంటీరియర్ చేయడానికి వచ్చిన కుర్రాడితో నాలుగు నెలలు తగువాడి, ఆ తగువులోనే సగం విద్య పట్టేశారు. మిగతా సగం ఫోను నేర్పింది. అప్పట్నుంచి ఆయన నోట 'స్పేసు' లేకుండా మాట బయటికి రాదు. మా ఆఫీసులో ఆయన్ని స్పేసు బావగారనే అంటారు. ఈ జాతి ఇప్పుడు ప్రతి బంధువర్గంలోనూ ఒకటి ఉంది. పూర్వం వాస్తు పెద్దాయన ఉండేవాడు, ఈశాన్యంలో బరువు పెట్టొద్దనేవాడు. పాపం, మిగతా మూలలు మనకి వదిలేసేవాడు. ఈయన ఏ మూలా వదలరు.

ఏటా వలిసె పూలు విరగబూసే రోజుల్లో రైలెక్కి వస్తారు. అద్దాల పెట్టె, అదే 2017లో వేసిన విస్టాడోమ్, అదైతేనే ఎక్కుతారు. తక్కినవాళ్లు అద్దాల్లోంచి లోయలు చూస్తారు, సొరంగం రాగానే కేకలు పెడతారు. ఈయన పైకప్పు చూస్తూ కూర్చుంటారు. "కప్పుకి అద్దం పెట్టేసరికి పెట్టె ఎంత పెద్దదైపోయిందో!" బొర్రా గుహల్లో తలెత్తి, "హైటు బాగుంది. ఫాల్స్ సీలింగ్ దేవుడే చేయించాడు. లైటింగే ఇంకొంచెం ఆలోచించాల్సింది" అన్నారు. గిరిజన మ్యూజియంలో సంసారం చేసుకుంటున్న మట్టిబొమ్మల ముందు నిలబడి, ఆ రోలు ఇవతలికి జరిపితే నడవడానికి దారి వస్తుందని అక్కడి ఉద్యోగికి సలహా చెప్పారు. అవి నడవవండీ అని అతను వినయంగా మనవి చేసుకున్నాడు.

పోయినసారి మా ముందుగది మీద పడ్డారు. ఆయన వైద్యంలో మొదటి మందు గోడ కొట్టేయడం. "ఇది తీసేస్తే హాలు ఒక్కసారి విచ్చుకుంటుంది!" విచ్చుకుంటుంది, నిజమే. కాని అది పక్కవాటా వాళ్ల గోడ. వాళ్ల పెద్దాయన మంచం అవతల దానికే ఆనించి ఉంటుంది. రెండో మందు అద్దం. నిలువుటద్దం తగిలిస్తే గది రెండింతలు కనిపిస్తుందట. ఇది మాత్రం పుచ్చుకోక తప్పలేదు, అద్దాన్ని ఆయనే రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తగిలించాం. గది సంగతేమో గాని, మంచం మీద మడత పెట్టని బట్టల కుప్పలు రెండయ్యాయి.

మూడో మందు పారేయడం. "ముట్టుకుంటే మనసుకి సంతోషం కలగని వస్తువు ఇంట్లో ఉండకూడదు. జపాన్‌లో మరీ కొండో అని ఒకావిడ కనిపెట్టింది."

మా ఆవిడ గ్యాసు బండ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగింది. "కలగట్లేదన్నయ్యా" అంది. "అయినా మూడో బిడ్డ పుట్టాక సర్దడం కొంచెం వదిలేశానని ఆవిడే 2023లో చెప్పేసింది కదా."

బావగారికి ఆ వార్త అందలేదు. తెలుగులో సర్దడం వేరు, సర్దుకోవడం వేరు. మొదటిదాంట్లో ఆయన పండితుడు. రెండోది మా ఆవిడ చూసుకుంటోంది.

జపాన్ ఓడిపోగానే ఫ్రాన్సుని దించారు. చండీగఢ్ నగరానికి ప్లాను గీసిన లె కార్బూజియే 1950ల మొదట్లో మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న చెక్క గది కట్టుకున్నాడు. పొడవూ వెడల్పూ 3.66 మీటర్లు, అంటే ఎటు కొలిచినా పన్నెండు అడుగులు. వేసవులు అందులోనే గడిపేవాడు. "ఊరికి ఊరే గీసినవాడికి పన్నెండడుగులు సరిపోయింది. మీకు రెండు గదులు చాలవా?" అని నిలదీశారు. నాకూ ఆ గది సంగతి కాస్త తెలుసు. అందులో వంటిల్లు లేదు. గోడలో ఓ తలుపు, తలుపు తీస్తే హోటలు. ఆ ముక్క నా నోట్లోంచి వచ్చిందో లేదో, లోపల్నుంచి కేక వినపడింది: "అలాంటి తలుపు మనకీ ఒకటి పెట్టించు అన్నయ్యా, ఆరడుగుల్లో పడుంటాను!"

మర్నాడు మా అటెండరు డుంబ్రిగూడ వైపున్న తన ఊరికి భోజనానికి పిలిచాడు. పెంకుటిల్లు, మట్టిగోడలు, గోడల నిండా ఎర్రమట్టి పూత. బావగారు గుమ్మంలోనే పులకరించిపోయారు. "ఇదండీ మినిమలిజం అంటే!" అరుగుని సిట్-అవుట్ అన్నారు. పొయ్యి చుట్టూ ఉన్న చోటుని ఓపెన్ కిచెన్ అన్నారు. అటకని మెజనైన్ అన్నారు. పొయ్యి పైన వాసాలకి గుత్తులు గుత్తులుగా వేలాడదీసిన మొక్కజొన్న కంకుల్ని ఫొటో తీసి, హ్యాంగింగ్ డెకార్ అన్నారు. ఒక్కో పేరు పెట్టినప్పుడల్లా ఆ ఇంటి అద్దె పెరుగుతున్నట్టు అనిపించింది నాకు.

ఒక్క లోపం దొరికింది. పొగ. "చిమ్నీ పెట్టించుకోవాలమ్మా" అన్నారు, అటెండరు వాళ్లమ్మతో.

"పొగ పోతే వాసాలకి పురుగు పట్టేత్తాది బాబూ. కంకులకీ పట్టేత్తాది. మరి విత్తనానికేటి మిగుల్తాది?" అందావిడ, పొయ్యిలోకి మరో కట్టె తోస్తూ.

పక్కనే ప్రభుత్వం ఇచ్చిన శ్లాబు ఇల్లు ఉంది. 2016లో ఆవాస్ యోజన పేరు మార్చుకున్నప్పుడు పల్లెటూరి ఇంటి కనీస కొలత 20 నుంచి 25 చదరపు మీటర్లకి పెంచారు, వంటచోటుతో కలిపి. అడుగుల్లో సుమారు 270. మన బావగారు ఆనందంగా కొలవబోయారు గాని టేపు సాగడానికి దారి లేదు. గుమ్మం దాకా కాఫీ గింజల బస్తాలు, పసుపు, రాజ్‌మా, పిప్పళ్లు, ఓ పాత సైకిలు. మనుషులందరూ మట్టింట్లోనే పడుకుంటున్నారు. చలికాలం శ్లాబు కింద పడుకుంటే ఎముకలు కొరుకుతుందట.

"ఇల్లంతా స్టోరేజీకే పోయింది!" అని బావగారు బాధపడ్డారు.

"మీ ఇల్లెంతుంటాది బాబూ?"

"పదకొండు వందల అడుగులమ్మా. అయినా చోటు చాలట్లేదు."

"చోళ్లెక్కడ పోత్తారు?"

"మాకు చోళ్లుండవు."

"ధాన్యం?"

"బియ్యం కొట్లోంచి తెచ్చుకుంటాం. ఐదేసి కిలోలు."

"విత్తనాలు? కోళ్లు?"

"లేవు."

ఆవిడ వేళ్లతో ఏదో లెక్కపెట్టుకుంది. రెండుసార్లు పెట్టుకుంది. "మరి చోటు చాల్దంటన్నావు, ఏటెడతన్నారు బాబూ అందులో?"

బావగారి చేతిలో టేపు సర్రుమని లోపలికి పోయింది.

అంతటితో ఆగే మనిషి కాదు. తిరుగుదారిలో ఓ గుట్ట దగ్గర జీపు ఆపించి, "ఇక్కడ రెండు సెంట్లు కొని టైనీ హౌస్ వేస్తాను" అన్నారు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదని, 1959 నిబంధనలకి 1970లో వచ్చిన సవరణ, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అందుకే ఉందని చెప్పాను.

"మరీ చిన్న ఇల్లే కదా?"

"చిన్న ఇంటికీ అదే చట్టం."

"పోనీ చెట్టు మీద కట్టుకుంటే?"

అటెండరు నవ్వు ఆపుకోలేక జీపు దిగి కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. అడగ్గూడదు గాని, ఇరుకులో ఎలా బతకాలో ఊరందరికీ చెప్పే మనిషికి ఎక్కడికెళ్లినా మరో రెండు సెంట్లు ఎందుకు కావాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వెళ్లేముందు రోజు సంత పడింది. నాలుగు కొండచీపుర్లు, మూడు వెదురు బుట్టలు, పది కిలోల పసుపు కొమ్ములు, ఐదు కిలోల రాజ్‌మా, అనాసపళ్లు, ఎందుకో ఒక విసనకర్ర. ముట్టుకున్న ప్రతిదీ ఆయన మనసుకి సంతోషం కలిగించింది. స్టేషన్లో అద్దాల పెట్టె ముందు అవన్నీ దింపేసరికి, కప్పుకి అద్దం ఉన్నా పెట్టె పెద్దదవలేదు. పసుపూ, రాజ్‌మా, రెండు బుట్టలూ నా చేతికిచ్చి, "మీ అటక మీద ఉంచండి బావా, సంక్రాంతికి పట్టుకెళ్తా" అన్నారు.

సంక్రాంతి వెళ్లిపోయింది. మూట కదల్లేదు. మా అటక చాల్లేదని ముందుగదిలోనే, బీరువా పక్కన పెట్టాం. అది సరిగ్గా అద్దానికి ఎదురుగా ఉంది. పొద్దున్నే లేచి చూస్తే రెండు మూటలు కనిపిస్తాయి.