తూర్పు దర్వాజ మలుపు

‘నేను’ అనడం ఈ ఆటోకు అలవాటు లేదు. వరంగల్‌లో అందరూ ‘బండి’ అనే పిలుస్తారు కనుక, తన కథను బండి కథగానే చెప్పుకుంటుంది. కాజీపేట స్టేషన్, హన్మకొండ చౌరస్తా, పోచమ్మమైదాన్, వరంగల్ చౌరస్తా. పొద్దంతా అదే తొవ్వ. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనక ఎందరో లెక్కపెట్టకపోతేనే మంచిది.

మిర్చి సీజన్లో ఒకరోజు పోలండ్ ఆమె ఎక్కింది. ఊరు క్రాకోవ్. వెంట నిట్‌లో చదివే అమ్మాయి.

“అన్నా, కోటకు ఎంత తీసుకుంటవ్?”

“ఇద్దరేనా? ఇంకిద్దరిని ఎక్కించుకుంట, జర తక్కువ పడ్తది.”

ఆమెకు అంతుపట్టనిది హారన్. వాళ్ల ఊళ్లో సెయింట్ మేరీ చర్చి బురుజు మీంచి గంట గంటకూ బూర ఊదుతారట, నాలుగు దిక్కులకూ ఒక్కోసారి. రాగం సగంలోనే టక్కున ఆగిపోతుంది. 1241లో తాతార్లు వస్తున్నారని ఊదుతున్న కాపలావాడి గొంతులో బాణం దిగిందని చెప్పుకుంటారు. కథే లెండి, చరిత్ర కాదు. కానీ గంటకు నాలుగుసార్లేనా! పోచమ్మమైదాన్ మూల తిరిగేలోపే ఈ బండి అంతకన్నా ఎక్కువ మోగుతుంది.

దారి మళ్లించి ఎనుమాముల మార్కెట్ చూపించారు. ఆమె దిగీ దిగగానే తుమ్ములు. యార్డులో రైతొకాయన నవ్వి, దోసిట్లో నాలుగు చపాటా కాయలు పోశాడు: టమాటాలా బొద్దుగా, రంగెక్కువ, కారం తక్కువ. ఈ మిర్చికి 2025లో జీఐ గుర్తింపు దక్కింది. ఘాటుకు పేరుపడ్డ మార్కెట్లో కారం తక్కువ కాయకు దక్కిన గౌరవం అది!

ఇక కోట. తూర్పు రాతి దర్వాజ దగ్గర దారి నేరుగా పోదు, మెలి తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు ఒక్క ఉరుకున లోపలికి రాకుండా కట్టిన మలుపు. కోట లోపల ఇప్పటికీ ఊరుంది. ఎదురుగా బర్రెలొస్తాయో, బడి ఆటో వస్తుందో కనపడదు. డ్రైవరు గట్టిగా హారన్ కొట్టి వెనక్కి చూశాడు.

“ఈడ కొట్టకపోతే ఇంకేడ కొట్టాలె మేడం?”

ఆమె మొదటిసారి తలూపింది.

కోటలోని రాతి తోరణాల దగ్గర వేళ్లతో లెక్కపెట్టుకుంది. నాలుగు దిక్కులకు నాలుగు. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఈ కోటనేలిన కాకతీయ రాజ్యం పడిపోయింది, దాంతో పాటే గుడీ పోయింది. “మా బూర కూడా నడుమనే ఆగుతుంది” అన్నదట. పక్కనున్న అమ్మాయి డ్రైవరుకు తెలుగులో చెప్పింది.

దిగేటప్పుడు ఒక కాయ జారి సీటు కిందికి దొర్లింది. ఎవరూ తియ్యలేదు. ఎండి ముడుతలు పడ్డది గానీ, రంగు పోలేదు.