డాక్టరుగారి కారు

మన రాష్ట్రాల్లో డాక్టర్ల కొరత ఉందని ఎవరన్నా అంటే నమ్మకండి. ఏ సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డుకైనా వెళ్లి చూడండి, వరసగా నిలబెట్టిన బళ్లలో సగం డాక్టర్లవే. మిగతా సగం బ్యాంకు మేనేజర్లవి, అమెరికా వెళ్లిపోయిన అబ్బాయిలవి. డాక్టరుగారు ఆదివారం తప్ప బండి బయటికి తీయరు. తీసినా గుడి దాకే. నలభై దాటించరు. సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, ఎక్కడా టింకరింగ్ పడలేదు. అంత అపురూపంగా చూసుకున్న బండిని ఎందుకు అమ్ముతున్నారండీ అని అడిగారా, మీ అంత అనుమానప్పక్షి ఈ భూమ్మీద లేదన్నట్టు చూస్తాడు బ్రోకరు.

కనుక మీరు అడగలేదు. కొనేశారు. నిమ్మకాయలు తొక్కించి, వీధంతా స్వీట్లు పంచారు. మొదటి వాన పడ్డరోజు వైపర్ వేస్తే హారన్ మోగింది.

తెలిసిన మెకానిక్ అయితే అప్పుడు బానెట్ జోలికి పోడు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగుతాడు. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంటుంది. ఎవరూ లాగని ఆ చివరి జానెడు మీద ఎండిన ఒండ్రు చార కనిపిస్తుంది. తర్వాత సీటు కింద పట్టాల బోల్టులు చూస్తాడు, తుప్పు. స్టెప్నీ గుంటలో వేలు పెడతాడు, సన్నటి మట్టి. ఐదేళ్ల బండిలో కార్పెట్ ఇంత కొత్తగా ఎందుకుందో, లోపల మల్లెపూల సెంటు అంత ఘాటుగా ఎందుకు కొట్టారో అప్పటికి మీకు బోధపడుతుంది. గుద్దుకున్న బండి కథ వేరు. అక్కడ పెయింటు మందం కొలిచే మీటరు మాట్లాడుతుంది. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటే, లప్పం మెత్తినచోట అంకె వెయ్యి కూడా దాటుతుంది. ఎయిర్‌బ్యాగు దీపం తాళం తిప్పగానే వెలిగి ఆరిపోవాలి. పేలిపోయిన ఎయిర్‌బ్యాగు స్థానంలో మూత మాత్రమే బిగించిన మహానుభావులు ఆ దీపం తీగను పక్క దీపానికి ముడేస్తారు. మనుషులకు నేర్పింది చాలక బల్బుకి కూడా అబద్ధం నేర్పారన్నమాట.

ఇప్పుడేం చేయాలి? మీరు అడగక్కర్లేదు, ఊరే చెబుతుంది. బావమరిది, ఆఫీసు క్యాషియర్, పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు, ముగ్గురిదీ ఒకే మాట: "ఎవరికీ చెప్పకు. పాలిష్ కొట్టించి అమ్మేసెయ్." నీతిశతకాలు నలభై ఏళ్లు బోధించిన హెడ్మాస్టరు ఇంకో అడుగు ముందుకేసి, సీటు బెల్టు సర్ఫు నీళ్లలో నానబెట్టమంటారు. మోసపోయినవాడికి మన సమాజం ఇచ్చే నష్టపరిహారం ఇదొక్కటే: ఇంకొకణ్ణి మోసం చేసుకునే హక్కు. బ్రోకరు ఒక్కడే అబద్ధాలకోరయితే ఈ వ్యాపారం ఎప్పుడో మూతపడేది. అది నడుస్తున్నది పరువు కోసం నోరు మూసుకునే మర్యాదస్తుల మీద.

ఏర్పాటు కూడా అలాగే ఉంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే బీమా వాళ్లు టోటల్ లాస్ అంటారు. యజమానికి డబ్బు ముడుతుంది, బండి వేలానికి వెళుతుంది. వేలంలో పాడుకున్న బళ్లన్నీ తుక్కుకే పోతాయని నమ్మేవాళ్లు నమ్మొచ్చు. అమెరికాలో ఇలాంటి బండికి యాజమాన్య పత్రం మీదే సాల్వేజ్ అని ముద్ర కొడతారు. మన ఆర్సీలో ఓనరు తండ్రి పేరుకి చోటుంది, బండి రంగుకి చోటుంది. మునిగిందో తేలిందో రాయడానికి మాత్రం గడి లేదు.

ఊరి సలహా వినకూడదనుకున్న మొండివారు ఉంటే, వాళ్లు ముందుగా చేయాల్సింది రిపేరు చేయించకపోవడం. విప్పి బిగించారంటే సాక్ష్యం పోయినట్టే. కంపెనీ సర్వీస్ సెంటర్లో తనిఖీ చేయించి, లోపాలన్నీ కాగితం మీద రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. సీటు బెల్టు బురదను వీడియో తీయండి. బండి నంబరు మీద పాత సర్వీస్ చరిత్ర అడగండి. పాత పాలసీలో నో క్లెయిమ్ బోనస్ చూడండి. వరసగా ఐదేళ్లు క్లెయిము లేకుంటే అది 50 శాతానికి చేరుతుంది. డాక్టరుగారి పాలసీలో అది సున్నా అయితే, గుడి దారిలో ఏం తగిలిందో కనుక్కోవాలిగా.

అన్నిటికన్నా విలువైంది వాట్సాప్. "బండి గ్యారంటీ బ్రదర్, ఎక్కడా టచప్ కూడా లేదు" అన్న ఆ మెసేజ్‌ని కోపంలో డిలీట్ చేయకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇక్కడ భలే తేడా చూపిస్తుంది. అమ్మినవాడు కేవలం నోరు మూసుకుంటే, మామూలు జాగ్రత్తతో నువ్వే కనిపెట్టొచ్చు కదా అని చట్టం మిమ్మల్నే నిలదీయవచ్చు. తెలిసి తెలిసి అబద్ధమాడితే ఆ సాకు అతనికి పనికిరాదు. మన బ్రోకర్లకు వాగుడు ఎక్కువ కావడం ఆ రకంగా దైవకృప. 'ఉన్నది ఉన్నట్టుగా' అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టారా? కంగారు పడకండి, మోసాన్ని ఆ ముక్క ఒక్కటే కడిగేయదు.

అమ్మింది వ్యాపారి అయితే వినియోగదారుల కమిషన్ ఉంది. మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, గడువు రెండేళ్లు, వకీలు తప్పనిసరి కాదు, ఇచ్చిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. అక్కడి బెంచీల మీద కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పి నవ్వించకండి. నేరుగా ఓనరే అమ్మితే ఆ తలుపు తెరుచుకోదు, సివిల్ కోర్టే గతి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి. చూపించమంటే కొందరు గోడ మీది వెంకన్న పటం చూపిస్తారు.

పోలీస్ స్టేషన్‌కి వెళితే "ఇది సివిల్ మేటరండీ" అంటారు. అయినా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోర్ ట్వంటీ కేసు పెట్టండి అని మాత్రం గర్జించకండి. 2024 జులై నుంచి ఆ సెక్షన్ 318 అయింది, పాపం ఆ బిరుదు కూడా మిగల్లేదు. ఆర్సీ ఇంకా పాత ఓనరు పేరునే ఉందా? అదే మీ తురుపు ముక్క. రేపు ఆ బండి ఎవర్నయినా గుద్దితే పరిహారం రికార్డులో ఉన్న ఓనరు మెడకే చుట్టుకుంటుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఈ ఒక్క ముక్క చెవిన పడితే డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నా ఫోన్ ఎత్తుతారు.

స్పీడ్ పోస్టులో మీ నోటీసు అందాక, అన్నాళ్లూ స్విచ్ఛాఫ్‌లో ఉన్న బ్రోకరు తనే ఫోన్ చేస్తాడు. "మనలో మనకి కోర్టులేంటి సార్, రేపు షెడ్డుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం." వెళ్లండి, ఒంటరిగా మాత్రం వెళ్లకండి. వేరే బండితో ఎక్స్చేంజ్ అంటే, ఆ బండి సీటు బెల్టు లాగి చూడకుండా తల ఊపకండి. చెక్కు ఇస్తానంటే వద్దనండి. అకౌంట్లో డబ్బు పడ్డట్టు మెసేజ్ వచ్చేదాకా తాళం మీ జేబులోనే ఉండాలి. ఆలోగా టీ తెప్పిస్తాడు, తాగేయండి. ఆ కారు మీద అతను చేతి డబ్బు పెట్టడం బహుశా అదే మొదలు.