కార్బరేటర్ మీద కేసు

పాత మోటార్‌సైకిల్ ఒంట్లో ఏ నేరం జరిగినా మన ఊళ్లలో స్టేషన్‌కి ముందుగా ఈడ్చుకొచ్చేది ఒక్కణ్ణే. బండి స్టార్ట్ కాకపోతే కార్బరేటర్. మైలేజీ పడిపోతే కార్బరేటర్. పొగ వచ్చినా, మిస్సింగ్ కొట్టినా, సిగ్నల్ దగ్గర ఆగిపోయినా కార్బరేటరే. ఇక ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేరులో యాక్సిలరేటర్ ఆఖరిదాకా తిప్పగానే, ముందుకు ఉరకాల్సిన బండి 'బ్వా' అని గొంతు బొంగురుపోయి నీరుగారి, చెయ్యి కాస్త వదలగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ సాగిపోయిందనుకోండి, విచారణ కూడా దండగే. "పికప్ లేదన్నా" అని ఓనరు మాట పూర్తయ్యేలోపు మెకానిక్ స్క్రూడ్రైవర్ కార్బరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ మీద వాలుతుంది. పావు చుట్టు ఇటు, అర చుట్టు అటు, తల వాల్చి కళ్లు మూసుకుని కాసేపు ఆలకింపు, ఆపైన తీర్పు: "ట్యూనింగ్ చేశా, తీస్కెళ్లు." నేరం ఎప్పుడు జరుగుతోందో, ఏ గేరులో, ఎంత లోడు మీద, యాక్సిలరేటర్ ఎంత తిప్పితే జరుగుతోందో బండి తనంతట తనే వాంగ్మూలం ఇస్తుంటే, రాసుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ఈ తీర్పులోని వింత అర్థం కావాలంటే ఆ స్క్రూ అధికార పరిధి ఎంతో తెలియాలి. స్ప్లెండర్, సీడీ 100, ఆర్ఎక్స్ 100, పాత బుల్లెట్ లాంటి బండ్ల కార్బరేటర్‌లో పెట్రోలు పోయే దారులు వేరువేరు. యాక్సిలరేటర్ వదిలేసి ఉన్నప్పుడూ, ఎనిమిదో వంతు దాకా తిప్పినప్పుడూ పైలట్ జెట్టు రాజ్యం. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకి వేలాడే నీడిల్ పెత్తనం. ముప్పావు దాటాక అంతా మెయిన్ జెట్టు చేతిలోనే. సరిహద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకరి పొలంలోకి ఒకరు కాస్త జరుగుతారు. పావు దగ్గర స్లైడు అంచుకున్న కోతకూ ఓ చిన్న వాటా ఉంది. మెకానిక్ తిప్పిన స్క్రూ అధికారం మాత్రం మొదటి వార్డు దాటదు. బండి నిలబడి ఉన్నప్పుడు సాఫీగా కొట్టుకోవడానికి కావలసిన గాలీ పెట్రోలూ పాళ్లు చూడడమే దాని ఉద్యోగం. ఫుల్ రేజులో దాని మాట వినే నాథుడు లేడు. ఫిర్యాదేమో ఇద్దరెక్కి ఎత్తు మీద ఫుల్ రేజ్ ఇస్తే అని. పరీక్షేమో స్టాండు మీద, లోడు లేకుండా, ఐడిలింగులో. దొంగతనం గాజువాకలో జరిగితే భీమిలిలో సోదా చేసినట్టు! మరి ఆ స్క్రూనే ఎందుకు తిప్పుతారంటే, అది బయటే ఉంటుంది, స్పానరు అక్కర్లేదు, తిప్పగానే ఇంజను చప్పుడు మారుతుంది. చప్పుడు మారిందంటే వైద్యం జరిగినట్టేనని ఓనరు కూడా ఒప్పుకుంటాడు.

"అలా అంటే ఎలా? కార్బరేటర్ విప్పి క్లీన్ చేశాక బండి బాగుపడ్డవి ఎన్ని లేవు?" అనే ప్రశ్న సహజం. బాగుపడ్డవి ఉన్నాయి. అసలు చిక్కంతా వాటితోనే వచ్చింది. కార్బరేటర్ విప్పే పనిలో ఎన్ని మార్పులు చేరతాయో లెక్కపెట్టండి. పెట్రోల్ ట్యాప్ కట్టేసి మళ్లీ తిప్పుతారు. కింది గిన్నెలో చేరిన నీళ్లూ మట్టీ పారబోస్తారు. ట్యాంకు మూత ఒకసారైనా తెరుస్తారు. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టం ఊడదీసి బిగిస్తారు. ఎలాగూ చెయ్యి పడింది కదా అని ప్లగ్గు తీసి ఉప్పుకాగితంతో రుద్దుతారు. ఈలోగా ఇంజను చల్లారుతుంది. ఇన్నింట్లో ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, కీర్తి మాత్రం క్లీనింగు ఖాతాలో పడుతుంది. నాలుగు రోజులకు బండి మళ్లీ చతికిలబడితే "పెట్రోల్‌లో చెత్త వస్తోంది" అని రెండో క్లీనింగు. ఈసారి జెట్టులోకి సన్నటి తీగ దూరుస్తారు. మెయిన్ జెట్టు ఇత్తడిది, మెత్తటి లోహం. రంధ్రం మిల్లీమీటరు చుట్టుపక్కల. దాని వ్యాసం 5 శాతం అరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది, పెట్రోలు ఆ మేరకు ఎక్కువ దూకుతుంది. అప్పటిదాకా నిర్దోషిగా ఉన్నవాడు ఆ రోజుతో నిజంగానే నేరస్థుడవుతాడు.

పరుగు ఆపే అసలు దొంగలు చాలాసార్లు కార్బరేటర్ గడప బయటే ఉంటారు. వాళ్లలో అందరికన్నా పెద్దమనిషి వేషంలో ఉండేది ట్యాంకు మూత. ట్యాంకులోంచి పెట్రోలు దిగుతుంటే ఆ జాగాలోకి గాలి రావడానికి మూతలో ఒక సన్నటి దారి ఉంటుంది. దుమ్మూ తుప్పూ పట్టి అది మూసుకుపోతే లోపల శూన్యం పెరుగుతుంది, పెట్రోలు దిగడం మానేస్తుంది. చిన్న లెక్క వేసుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 40 ఇస్తూ పోయే బండి గంటకు 2 లీటర్లు, అంటే నిమిషానికి 33 మిల్లీలీటర్లు తాగుతుంది. ఐడిలింగులో దానికి అందులో చిన్న వంతు చాలు. సగం మూసుకుపోయిన మూతా, తుప్పు పట్టిన ట్యాప్ జాలీ నెమ్మదిగా పోయేవాడికి ఏ లోటూ చేయవు. ఫుల్ రేజ్ ఇచ్చిన వాడికి మాత్రం గిన్నెలో నిల్వ ఉన్న కాస్త పెట్రోలు అయిపోగానే చెయ్యి ఎత్తేస్తాయి. అందుకే ఈ రకం బండి తిప్పిన క్షణంలో బాగానే దూకి, కాసేపటికి చల్లబడుతుంది. తిప్పిన క్షణంలోనే గుటక మింగేది వేరే రకం, దాని చిరునామా పైలట్, స్లైడు, నీడిల్ వైపు. ఈ ఒక్క తేడా అడిగితే సగం కేసు తేలిపోతుంది. మిగతా సగానికి ఒక సీసా చాలు. ఇంజను చల్లారాక, దరిదాపుల్లో బీడీ కూడా లేకుండా చూసుకుని, పెట్రోలు గొట్టం సీసాలోకి వదిలి గడియారం చూడాలి. నిమిషానికి 33కి ఎన్నో రెట్లు ధారగా రావాలి. మొదట ధారగా వచ్చి క్రమంగా చుక్కలైపోయి, మూత తీయగానే 'హుష్' మని మళ్లీ ధార కట్టిందంటే నిందితుడు దొరికినట్టే. ఖర్చు ఒక గుండుసూది.

పెట్రోలు సరిగ్గానే దిగుతుంటే తర్వాతి ప్రశ్న: ఇంజనుకి ఆ సమయంలో పెట్రోలు తక్కువైందా, ఎక్కువైందా? దీనికీ కార్బరేటర్ విప్పక్కర్లేదు, చోక్ ఉంది. బండి చతికిలబడుతున్న చోటే, అదే రేజులో, ఖాళీ రోడ్డు మీద చోక్ సగం లాగి చూడాలి. కోలుకుంటే పెట్రోలు తక్కువైంది. ఇంకా మునిగితే ఎక్కువైంది. అలాగే ఫుల్ రేజులో పోతూ క్లచ్ పట్టి, ఇంజను ఆపేసి, ప్లగ్గు తీసి చూస్తే లోపలి సంగతి రంగుల్లో రాసి ఉంటుంది: మసి పట్టిన నలుపైతే ఎక్కువ, సున్నం కొట్టిన తెలుపైతే తక్కువ, ఇటుక రంగుకి దగ్గరగా ఉంటే పాళ్లు బాగానే ఉన్నాయి. అప్పుడు అనుమానం కరెంటు వైపు తిరగాలి. సిలిండరు నిండుగా నిండి ఒత్తిడి పెరిగినప్పుడు స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడిలింగులో చక్కగా వెలిగే బలహీనమైన ప్లగ్గో, చీలిన ప్లగ్ క్యాపో, అలిసిపోయిన కాయిలో సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. ప్లగ్గు బయటికి తీసి ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టి "స్పార్క్ బ్రహ్మాండంగా ఉంది" అనే పరీక్ష బయటి గాలిలో జరుగుతుంది. లోపలి ఒత్తిడి గురించి అది చెప్పేది సున్నా.

ఈ వరసలో కుర్రకారు కనిపెట్టిన ఒక గొప్ప సంస్కరణ గురించి చెప్పకపోతే పాపం. ఎయిర్ ఫిల్టర్ పీకేయడం! "గాలి ఫ్రీగా ఆడితే పికప్ వస్తుంది" అన్నది సిద్ధాంతం. ముఖ్యంగా 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆర్ఎక్స్ 100 చుట్టూ ఈ మతం బాగా బలిసింది. ఆ బండి 98 సీసీలో 11 హార్స్ పవర్ ఇచ్చిందంటే ఫిల్టర్ పెట్టె, జెట్టు, సైలెన్సర్ ఒకదానికొకటి లెక్క కట్టి పెట్టడం వల్ల. పెట్టె పీకేస్తే గాలి పెరుగుతుంది, జెట్టు పాతదే, పెట్రోలు చాలదు. ఫుల్ రేజులో బండి చతికిలబడుతుంది. దానికి మందుగా పెద్ద జెట్టు. పెద్ద జెట్టుతో మధ్య రేజులో పొగ. పొగకి మందుగా నీడిల్ క్లిప్ ఒక గాటు మార్పు. మళ్లీ మధ్యలో గుటకలు. ఆఖరికి ఫిల్టర్ లేనందువల్ల దుమ్ము పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది, "బోరు చేయించాలి" అనే ఉరిశిక్ష పడుతుంది. టూ స్ట్రోక్ బండి పెట్రోలు చాలని స్థితిలో ఫుల్ రేజ్ మీద పోతే పిస్టన్ వేడెక్కి పట్టేసే ప్రమాదం కూడా ఉంది. తమాషా ఏమిటంటే, అదే ఆర్ఎక్స్ 100లో ఫుల్ రేజును నిజంగా చంపేవాటిలో ఒకటి వెనకే ఉంటుంది: ఏళ్ల తరబడి ఆయిల్ మసి పేరుకుని మూసుకుపోయిన సైలెన్సర్. ముక్కు దగ్గర కిటికీలు తెరిచి, బయటికి పోయే దారి మూసేసి, పికప్ రాలేదని విచారించడం ఈ మతంలోని భక్తి.

ఇటీవల దొరికిన కొత్త ముద్దాయి ఇథనాల్. దీన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపిన పెట్రోలుకి అది దాదాపు 13.5కి దిగుతుంది. పాత కార్బరేటర్‌కి ఈ కబురు అందదు, పాత కొలతతోనే పోస్తుంది. కాబట్టి మిశ్రమం కొంత పలచబడడం నిజం. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, అదీ నిజమే. కానీ ఆ పలచదనం అన్ని రేజుల్లోనూ ఒకే పాళ్లలో ఉంటుంది. అదే బంకులో అదే పెట్రోలు పోయించుకున్న పక్కింటాయన స్ప్లెండర్ ఫ్లైఓవర్ చక్కగా ఎక్కుతుంటే, మీ బండి ఒక్కటే ఫుల్ రేజులో మాత్రమే కూలబడుతుంటే, ఆ తేడాని ఇథనాల్ ఎలా వివరిస్తుంది? ఊరందరికీ వర్తించే కారణం ఒక్కడి రోగానికి కారణం కావాలంటే, ఆ ఒక్కడిలో ఇంకేదో ఉండాలి. ఆ ఇంకేదో వెతకడానికి బద్ధకించి ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ ఇంటికెళ్లడం హాయిగా ఉంటుందనుకోండి, కాదనను.

మెకానిక్‌ల తరఫున చెప్పాల్సిన మాట ఒకటుంది, అది బలమైనదే. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మండల కేంద్రంలో చెట్టు కింది షెడ్డులో గానీ రోజుకి వచ్చే బండ్ల మధ్య సీసా పట్టుకుని గడియారం చూసే తీరిక ఎక్కడిది? నిజమే. పైగా చేయి తిరిగిన పెద్ద మేస్త్రీలు కొందరు చప్పుడు విని రోగం చెప్పేస్తారు, అదీ నిజమే. అయితే వాళ్లు వినేది ఓనరు చెప్పిన పరిస్థితిలో, బండెక్కి ఒక రౌండు వేసి. అసలు బేరం ఎక్కడ చెడుతోందో చూడండి. కొత్త కార్బరేటర్‌కి ఓనరు నోరు మెదపకుండా డబ్బు తీస్తాడు, ఎందుకంటే అట్టపెట్టె కనబడుతోంది. పది నిమిషాలు ఆలోచించి గుండుసూదితో మూత బాగుచేసిన వాడికి ఏభై రూపాయలివ్వమంటే "ఏం చేశావని?" అంటాడు. ఆలోచనకి కూలి లేని చోట పార్టులే అమ్ముడవుతాయి. ఆ లెక్కన మెకానిక్ మీద ఎంత కేసు పెట్టాలో, ఓనరు మీదా అంతే పెట్టాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చి కొత్త బండ్లలో కార్బరేటర్‌ని దాదాపు సాగనంపాయి, ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందే స్లైడుని వైరుతో కాక ఇంజను పీల్పుతో, ఒక పలచటి రబ్బరు డయాఫ్రం ద్వారా లేపే కార్బరేటర్లు కూడా వచ్చాయి. ఆ రబ్బరుకి చిన్న చిల్లి పడితే స్లైడు పైకి లేవదు, ఎంత తిప్పినా బండి ఒక స్థాయి దాటదు. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే చాలు, కానీ చాలాచోట్ల దానికీ స్క్రూ వైద్యమే జరిగింది. ఇప్పుడు ఇంజెక్షన్ బండి చతికిలబడితే "సెన్సార్ పోయింది" అంటున్నారు. ఏ సెన్సార్ అని అడిగితే మళ్లీ అదే తల వాల్చడం, అదే కళ్లు మూయడం. ఇటు పాత బండి ఓనరు విసిగి అమ్మకానికి పెడతాడు: "సింగిల్ ఓనర్, ఇంజన్ దించలేదు, కార్బరేటర్ కొత్తది వేయించాం." కొన్నాయన సంతోషంగా ట్యాంకు ఫుల్ చేయించి, మూత గట్టిగా బిగించి, మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతాడు. మర్నాడు పొద్దున్నే ఆ కొత్త కార్బరేటర్ పక్కనున్న స్క్రూ పావు చుట్టు ఇటు, అర చుట్టు అటు తిరుగుతుంది.