పెట్టె మోసే కొలువు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాంక ఇప్పుడు పది పాసైన ఏ పోరన్ని కదిపినా ఏర్పోర్టు మాటే. గులాబీ తోటలల్ల పూలు తెంపుడు వద్దట, టమాట పెట్టుడు వద్దట, విమానం కడుపులకు పెట్టెలు ఎక్కిచ్చుడు కావాల్నట. పోండ్రి, ఎవరొద్దన్నరు? నా వయసంత కరిగిపోయింది ఆ పనిలనే. కాని అడిగే తీరు చూస్తేనే ఒళ్లు మండుతది. "తాతా, లింకుంటే పంపు" అంటరు. కొలువు లింకుల దొరుకుతదా బిడ్డా?

మా రోజులల్ల విమానాలంటే బేగంపేటనే, దరఖాస్తు అంటే ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజే. పేరు రాయిచ్చుకుంటే ఓ కార్డు చేతుల పెట్టేటోళ్లు. దాన్ని రెన్యువల్ చేయిస్తనే ఉండాలె, మరిస్తే సీనియారిటీ గంగల కలిసినట్టే. కొలువులు ఖాళీ ఉంటే ఎక్స్చేంజికి చెప్పాల్నని 1959లనే చట్టమొచ్చింది. చెప్తరు, కాల్ లెటర్ వచ్చేదాంక మాత్రం మీసాలు నెరుస్తయి. అందుకే ముందుగాల క్యాజువల్ లోడర్‌గ దూరేది. ఏడాదిల 240 దినాలు పనిచేస్తే చట్టం లెక్కల కొంత హక్కు పుడ్తది గద, ఆ లెక్క నిండకముందే "కొన్ని దినాలు ఇంటికాడ ఉండుపో" అనే మేస్త్రీలకు కొదవ లేకుండె. ఉన్నం. చేను దున్నుకున్నం, మళ్ల పోయి గేటు కాడ నిలబడ్డం. ఆఖరుకు పర్మినెంట్ అయినోడు వాడకట్టంత మిఠాయి పంచేటోడు. ఎందుకంటే ఆ కాయితం వచ్చినంక వాని పెండ్లాం పిల్లల బువ్వకు ఢోకా లేదు.

పని సంగతి గూడ చెప్తా, ఇప్పటోళ్లకు దీని మీద మస్తు భ్రమ ఉన్నది. బోయింగ్ 737 కడుపుల మనిషి నిటారుగ నిలబడే జాగ ఉండదు. తలుపు కాడోడు పెట్టె నూకుతుంటే లోపలోడు మోకాళ్ల మీద కూసొని వరుసలు పేర్చాలె. ఎండకాలం ఆ రేకు పెట్టెల కొంచెంసేపు ఉంటే బనీను పిండుకోవాల్సిందే. "ఇప్పుడు బెల్టు లోడర్లు ఉన్నయి తాతా, అంత మిషినే" అంటరు. మిషిను తలుపు దాంకనే తెస్తది నాయినా! కంటైనర్లు పట్టే పెద్ద విమానాలైతే వేరే కత, చిన్నయాటిల పేర్చేది ఇప్పటికీ మనిషే. ఒక్కో పెట్టె 32 కిలోలు దాటొద్దని రూలు పెట్టింది ఎవరి నడుములు చూసి అనుకుంటున్నరు?

2008 మార్చి 23న శంషాబాద్ షురువైంది, బేగంపేటల టికెట్టు విమానాలు బందైనయి. 5,495 ఎకరాల ఏర్పోర్టు మన పక్కకే వచ్చిందని మావోళ్లు సంబురపడ్డరు. ఔటర్ రింగు రోడ్డు గూడ ఏసిన్రు, 158 కిలోమీటర్లు. దాని మీదికి బైకు రానియ్యరు. కార్లు పైకెళ్లి సర్రున పోతుంటే, రాత్రి డ్యూటీ పోరడు కింద సర్వీసు రోడ్డు పట్టుకోని గుంతలు లెక్కపెట్టుకుంట పోవాలె.

ఇగ కొలువు. హ్యాండీమ్యాన్ అని పేరు పెట్టిన్రు, హమాలీ అంటే నామోషీ అయితది గద. పది పాసు కావాలె, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాలె, 28 ఏండ్లు దాటొద్దు, బీసీలకు మూడేండ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేండ్లు సడలింపు. ఎయిరిండియా 2022ల టాటాల చేతికి పోయినా, ఈ పనులు చూసే ఏఐ ఏర్పోర్ట్ సర్వీసెస్ సర్కారు కిందనే మిగిలింది. సర్కారుదే గద అని ఉరికి పోతే చేతుల పెట్టేది మూడేండ్ల కాంట్రాక్టు. విమానం కాడికి పోవాల్నంటే బీసీఏఎస్ పాసు, దానికి ముందు పోలీసోళ్ల ఎంక్వయిరీ, సెక్యూరిటీ ట్రైనింగు. అవన్ని ఉండాల్సినయే, కాదనను. కాని మూడేండ్ల కొలువుకు ముత్తాత కాలం నుంచి చరిత్ర అడిగేటోళ్లు, నాలుగో ఏడు ఈ పోరడు ఏం తింటడని మాత్రం అడగరు. మేము లోపలికి పోవుడు కష్టం, పోయినంక కదలకపోతుంటిమి. వీళ్లు అలకగ పోతున్నరు, అంతకంటే అలకగ బయటికొస్తున్నరు.

నడుమ దళారులొకరు. వాట్సాపుల దొంగ ఆఫర్ లెటర్ పంపి, యూనిఫాం పైసలు, ట్రైనింగు పైసలని గుంజుతరు. ప్రకటనల రాసిన దరఖాస్తు ఫీజు తప్ప ఎవనికీ రూపాయి ఇయ్యద్దని ఎంత మొత్తుకున్నా వినరు. మా దినాలల్ల పైరవీకారుడు ఉండేటోడు, నిజమే. కాని వాడు ఊళ్లనే ఉండేటోడు, పని కాకపోతే పోయి గల్లా పట్టేది.

చిలుకూరు బాలాజీ గుడి మా మండలంలనే ఉన్నది. వీసా రావాల్నని పట్నపోళ్లొచ్చి 11 చుట్లు తిరుగుతరు, వచ్చినంక 108. తిరిగి తిరిగి అమెరికాకు సదురుకున్న పెట్టెలను శంషాబాద్‌ల ఎత్తేది, గుడి బయట వాళ్ల కార్లకు దారి చూపిచ్చిన పోరడే. వానికి మొక్కుకునే తీరిక గూడ లేదు, షిఫ్టు టైమైతది.

మా తమ్ముని కొడుక్కు ఒక్కటే చెప్పిన: "మోసుడుకు పోకు, ర్యాంపు డ్రైవరుకు పో. పదికి తోడు హెవీ లైసెన్సు ఉండాలె. రేపు కాంట్రాక్టు అయిపోయినా లారీ అన్న తోల్తవు."

"హెవీకి 20 ఏండ్లు నిండాల్నట పెద్దనాయినా, అంతకుముందు కారు లైసెన్సు తీసి ఏడాది కావాల్నట" అని మొకం మాడ్చుకున్నడు, ఆ చట్టమేదో నేనే రాసినట్టు.